హైదరాబాద్ నుంచి ఊరికి కెమెరాతో వెళ్లేవారికి: మూస ఫొటోలను దాటే పద్ధతి

ఆదివారం తెల్లవారకముందే కెమెరా సంచులతో హైదరాబాద్ దాటే ఫొటోగ్రఫీ బృందాలు ఎక్కువగా పట్టే దారులు కొన్నే. పోచంపల్లి మగ్గాలు, వికారాబాద్ వైపు పొలాలు, దేవరకొండ వైపు తండాలు, జాతర ఏడాదిలో మేడారం. సాయంత్రానికి మెమరీ కార్డుల్లో చేరే ఫొటోలు కూడా కొన్నే. చుట్ట కాలుస్తున్న ముడతల ముఖం తాత, అద్దాల రవికె వేసుకున్న లంబాడీ అవ్వ, నెర్రెలు బారిన చెరువు నేల, తలుపు చాటు నుంచి తొంగిచూసే పిల్లాడు, దుమ్ములో గొర్రెల మంద. వీటిలో ఏదీ కల్పించినది కాకపోవచ్చు. ఆ తాత ఉన్నాడు, ఆ చెరువూ ఎండింది. అయినా ఇవే ఏళ్ల తరబడి గోడలమీదా, పోటీల్లోనూ, పత్రికల్లోనూ కనిపిస్తూ ఉంటే, ఊరంటే ముసలిది, పేదది, ఎవరైనా వచ్చి ఆదుకోవాలని ఎదురుచూసేది అన్న అభిప్రాయం చూసేవారి మనసులో స్థిరపడిపోతుంది. దీనికి తోబుట్టువు లాంటి మరో మూస కూడా ఉంది. సంక్రాంతి ముగ్గు, ఎడ్లబండి, గంగిరెద్దు, పచ్చటి వరిచేలతో కూడిన క్యాలెండర్ పల్లె అది. నా దృష్టిలో రెండూ ఒకే పని చేస్తాయి: ఊరిని కాలం నుంచి, పని నుంచి, డబ్బు నుంచి, నగరంతో దానికున్న లావాదేవీల నుంచి విడదీస్తాయి. కాబట్టి డాక్యుమెంటరీ ఫొటోగ్రాఫర్ నేర్చుకోవలసినది, విడదీసిన ఆ నాలుగింటినీ తిరిగి ఫ్రేములోకి తెచ్చుకునే పద్ధతి.

బయలుదేరే ముందు

మూస ఫొటో షట్టర్ నొక్కినప్పుడు పుట్టదు. అది మనతోపాటు నగరం నుంచే కారెక్కి వస్తుంది. అందుకే ముందురోజు రాత్రి ఒక కాగితం మీద, ఆ ఊరు తలచుకోగానే కళ్లముందు మెదిలే ఫొటోలన్నీ రాసుకోవాలి. పది పన్నెండు సులభంగా వస్తాయి. వాటిని తీయకూడదని నియమం ఏమీ లేదు గానీ, అవి ఇప్పటికే తీసిన ఫొటోలని గుర్తుంచుకోవాలి. ఆ కాగితం రెండోవైపు ఫొటోల బదులు ప్రశ్నలు రాయాలి. ఈ ఊళ్లో ఎవరి భూమిని ఎవరు కౌలుకు చేస్తున్నారు? ఈ నెలలో డబ్బు ఎక్కడినుంచి వస్తోంది, ఎక్కడికి పోతోంది? ఉదయం మొదటి బస్సులో ఎవరెక్కుతారు, రాత్రి చివరి బస్సులో ఎవరు దిగుతారు? ఆడపిల్లలు ఇంటర్ చదవడానికి ఎంత దూరం వెళతారు? ఇలాంటి ప్రశ్నలతో వెళ్లినవారి కళ్లు ముడతల కోసం వెతకవు.

పనిని హైదరాబాద్‌లోనే మొదలుపెట్టడం ఇంకా మేలు. మెహదీపట్నం రైతుబజార్‌లో ఆకుకూరలమ్మే రైతుతో, బోయిన్‌పల్లి మార్కెట్‌లో తెల్లవారుజామున టమాటా దించే హమాలీతో, మన అపార్ట్‌మెంట్ కింద గదిలో ఉంటున్న వాచ్‌మన్ కుటుంబంతో పరిచయం పెంచుకుని, వారితోపాటు వారి ఊరికి వెళ్లవచ్చు. అలా వెళ్లినప్పుడు ఊరు వేరే లోకంలా కాకుండా, మనం రోజూ తినే కూరకు, నివసించే భవనానికి మరో కొసగా కనిపిస్తుంది. పాలమూరు జిల్లాను దశాబ్దాలపాటు వలసకూలీల నెత్తిమీది మూటలతోనే చూపించారు. ఆ కూలీలు దేశంలో ఎన్నో చోట్ల ప్రాజెక్టుల కట్టడాల్లో మట్టి, రాయి పనులు చేసిన నైపుణ్యం గలవారన్న సంగతి ఆ ఫొటోల్లో కనిపించేది చాలా తక్కువ. మూట మోయడం ప్రయాణంలో భాగం. ఆ ప్రయాణం ఏ పని కోసమో, ఎంత కూలికో, ఏ మేస్త్రీ వెంటో ఫొటోల వరుసలో తెలియాలి.

ఒక ఊరు, ఒక విషయం, ఒక పంటకాలం ఎంచుకుంటే చాలు. పది ఊళ్లు తిరిగితే పది మూసలే దొరుకుతాయి.

ఎవరి వెంట వెళుతున్నారో చూసుకోవాలి

కారు ఎక్కడ ఆపుతామన్న దాన్నిబట్టే సగం ఫొటోలు నిర్ణయమైపోతాయి. గ్రామపంచాయతీ దగ్గరో, గుడి ముందో ఆపి, సర్పంచ్ మనిషి వెంట నడిస్తే మనకు పెద్దరుగుల ఇళ్లు, ముగ్గు వాకిళ్లు, మర్యాదగా టీ ఇచ్చే కుటుంబాలు కనిపిస్తాయి. ఊరి చివర దళితవాడకు వెళ్లేసరికి ఎండ ఎక్కుతుంది, సమయం అయిపోతుంది, లేదా అక్కడికి తీసుకెళ్లినవారి ఎదుట వాడలోనివారు నోరు విప్పరు. క్యాలెండర్ పల్లె చాలావరకు ఒక వీధి నుంచి, ఒక కులం అరుగు మీద నుంచి చూసిన పల్లె. దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు. మొదటి రోజు కెమెరా తీయకుండా ఊరంతా నడవాలి. రెండోసారి మరో మనిషి పరిచయంతో, మరో వైపు నుంచి ఊళ్లోకి రావాలి. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్, మహిళా సంఘం లీడర్, పాల కేంద్రంలో పాలు కొలిచే వ్యక్తి, వీరిలో ఒక్కొక్కరి ఊరు ఒక్కోలా ఉంటుంది.

ఊరికి తనదైన ఫొటోగ్రాఫర్ ఉంటాడన్నది నగరంవాళ్లు తరచూ మరచిపోయే సంగతి. మండల కేంద్రంలో స్టూడియో నడుపుతూ పెళ్లిళ్లు, చీరకట్టు ఫంక్షన్లు, పుట్టినరోజు ఫ్లెక్సీలు చేసే ఆ అన్నకు ప్రతి ఇంటి ముఖమూ తెలుసు. తాము ఎలా కనిపించాలని అక్కడివారు కోరుకుంటారో ఆయన కంప్యూటర్ చూస్తే అర్థమవుతుంది. నిటారుగా నిలబడి, మంచి బట్టలు కట్టుకుని, కెమెరాలోకి సూటిగా చూసే ఫొటోలే ఎక్కువ. అవి మనకు కృత్రిమంగా అనిపించవచ్చు, కానీ తమ గురించి వారు ఇచ్చుకునే వాంగ్మూలం అది. ఆయనతో కలిసి పనిచేయగలిగితే, పనికి తగిన డబ్బు ఇచ్చి, ఫొటోల కింద ఆయన పేరు కూడా వేయాలి.

అనుమతి అంటే తల ఊపించుకోవడం కాదు

వాకిట్లో కూర్చున్న పెద్దమ్మ ముందుకు కెమెరాతో వెళితే మొదట వచ్చే ప్రశ్న దాదాపు ఇదే: "ఏ ఆఫీసు నుంచి వచ్చినవ్ బిడ్డా, పింఛన్ గురించేనా?" ఆ ప్రశ్నను తేలికగా తీసుకోకూడదు. పల్లెల్లో ఫొటో ఇప్పుడు సాక్ష్యంగా మారింది. మంజూరైన ఇంటికి బిల్లు రావాలంటే పునాది దగ్గర నిలబెట్టి ఫొటో తీస్తారు. ఉపాధి హామీ పనిచోట కూలీల హాజరుకు సమయం, స్థలం నమోదయ్యేలా రోజుకు రెండుసార్లు మొబైల్ యాప్‌లో ఫొటో తీయడం 2023 జనవరి నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా, అన్ని పనుల్లోనూ తప్పనిసరి చేశారు. ఆ ఫొటో ఎక్కకపోతే ఆ రోజు కూలి చిక్కుల్లో పడినట్లే. ఇలాంటి చోట మెడలో కెమెరా వేసుకుని వచ్చిన కొత్త మనిషిని చూసి ఎవరైనా ముఖం దిగులుగా పెడితే, చిరిగిన పైకప్పు చూపిస్తే, లేదా నవ్వు ఆపేస్తే, అది వారి సహజ భావం అనుకోవడం పొరపాటు. పేదగా కనిపిస్తేనే పని అవుతుందని ఎన్నో ఆఫీసులు వారికి నేర్పాయి. ఆ దిగులు ముఖాన్ని తీసుకుని హైదరాబాద్ వచ్చి, పల్లె వేదన అని పేరు పెట్టేవారు నిజానికి ఫొటో తీసినది ఒక దరఖాస్తును.

కాబట్టి మొదటి మాటలోనే స్పష్టత ఇవ్వాలి. "లేదు పెద్దమ్మా, ఆఫీసు పని కాదు. నేను ఫొటోలు తీస్త, హైదరాబాద్‌ల నలుగురికి చూపిస్త. దీనితోని పింఛన్ రాదు, ఉన్నది పోదు. వద్దంటే తియ్య." ఈ నాలుగు వాక్యాల్లో చివరిదే అతి ముఖ్యమైనది, ఎందుకంటే పెద్ద కెమెరాతో వచ్చిన చదువుకున్న మనిషికి వద్దని చెప్పే అలవాటు చాలామందికి ఉండదు. ఒకవైపు సర్పంచో, భూమి యజమానో నిలబడి ఉండగా కూలీని అడిగితే వచ్చే అనుమతికి విలువ లేదు. వారు వెళ్లిన తరువాత మళ్లీ అడగాలి. ఫొటో ఎక్కడెక్కడ కనిపించవచ్చో ఫోన్‌లో చూపించి చెప్పాలి. గ్యాలరీ గోడ అంటే అర్థం కాకపోవచ్చు గానీ, ఇన్‌స్టాగ్రామ్ అంటే వారి మనవరాలికి మనకంటే బాగా తెలుసు.

పిల్లల విషయంలో తల్లిదండ్రుల మాట తప్పనిసరి. లైంగిక దాడికి గురైన పిల్లల గుర్తింపు బయటపడేలా ఫొటో, ఊరు, బడి, కుటుంబ వివరాలు ప్రచురించడాన్ని పోక్సో చట్టం 23వ సెక్షన్ నిషేధిస్తుంది. సంరక్షణ అవసరమైన పిల్లల విషయంలో బాలన్యాయ చట్టం 74వ సెక్షన్ కూడా అలాగే కట్టడి చేస్తుంది. ముఖం మసకబరిచి ఊరి పేరు రాసినా ఆ నిషేధాన్ని ఉల్లంఘించినట్లే.

ఫొటోకు డబ్బు ఇవ్వాలా అన్నది ఎప్పుడూ వచ్చే చర్చ. నా అభిప్రాయం చెబుతాను: ఫొటో తీసిన వెంటనే చేతిలో నోటు పెడితే, మరుసటి వారం వచ్చేవారి కోసం దిగులు ముఖాలు సిద్ధంగా ఉంటాయి. అయితే ఒకరి పనిదినాన్ని మనకోసం ఆపించినప్పుడు ఆ రోజు కూలి ఇవ్వకపోవడం అంతకంటే పెద్ద తప్పు. మొదటిది వేషానికి ఇచ్చే డబ్బు, రెండోది సమయానికి ఇచ్చేది.

మగ్గాన్ని కాదు, ఆసును చూడండి

పని ఫొటో తీయడమెలాగో చెప్పడానికి పోచంపల్లి మంచి ఉదాహరణ. అక్కడికి వెళ్లిన ప్రతి కెమెరా నేరుగా మగ్గం దగ్గరికి వెళుతుంది. కిటికీ వెలుగు, రంగుల దారాలు, వంగి నేస్తున్న మగమనిషి, అన్నీ ఫొటోకు కుదురుతాయి. కానీ ఆ చీర మగ్గం ఎక్కకముందే సగం జీవితం గడిపి వస్తుంది. దారాన్ని ఆసు పోయాలి. అంటే ఒకవైపు మేకు నుంచి, ఎదుట అర్ధచంద్రాకారంలో వరుసగా ఉన్న మేకుల చుట్టూ, ఒక్కొక్క పోగును చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పరచాలి. ఆ తరువాత చిటికి కట్టాలి (అంటే రంగు అంటకూడని చోట పోగులను బిగించి కట్టాలి), రంగులద్దాలి, విప్పాలి, మళ్లీ కట్టాలి. చేత్తో ఆసు పోసే రోజుల్లో ఒక చీరకు చేయి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ కదిలేది. ఆ పని ఎక్కువగా ఆడవారిది. తల్లి భుజం నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం 1999 నాటికి ఆసు యంత్రాన్ని తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మగ్గం ముందు బారులు తీరిన కెమెరాలకు, పక్కగదిలో జరుగుతున్న ఆ భుజం నొప్పి ఎందుకు కనిపించలేదన్నది ఆలోచించాల్సిన విషయం. మేకుల పలక ముందు కూర్చున్న ఆమెకు కిటికీ వెలుగు లేదు, రంగులు లేవు, తెల్లటి దారం తప్ప.

దీన్నుంచి నేర్చుకోవలసిన పద్ధతి ఒకటుంది. ఏ పనినైనా మొదటి నుంచి చివరిదాకా, కెమెరా మూసి, ఒకసారి కూర్చుని చూడాలి. ముడిసరుకు ఎవరు తెచ్చారు, ఎవరు ఏ సమయంలో ఏ భంగిమలో ఎంతసేపు ఉన్నారు, లెక్క ఎవరు రాసుకున్నారు, మాస్టర్ వీవర్ (నూలు ఇచ్చి కూలికి నేయించుకునే వ్యాపారి) ఎప్పుడు వచ్చాడు, కూలి ఎలా లెక్కకట్టాడు అన్నవి పుస్తకంలో రాసుకోవాలి. అప్పుడు ఎక్కడ వెలుగు బాగుందన్న ప్రశ్నకు ముందు, ఎక్కడ పని బరువుగా ఉందన్న ప్రశ్న వస్తుంది. వెలుగు తక్కువైన చోట ఐఎస్ఓ (వెలుగును కెమెరా పట్టుకునే సున్నితత్వం) పెంచుకోవచ్చు. దానివల్ల సన్నని చుక్కల్లా గింజలు కనిపించే ఫొటో కంటే, తీయకుండా వదిలేసిన పని పెద్ద లోటు. చేతులను మాత్రమే దగ్గరగా తీసే అలవాటును కాస్త అదుపులో పెట్టుకోవాలి. చేతులు అందంగానే ఉంటాయి, కానీ తల లేని చేతులకు అభిప్రాయం ఉండదు.

కెమెరా ఎత్తు, లెన్స్, వెలుగు

జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే స్వచ్ఛంద సంస్థ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళా రైతులు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు; 2008 అక్టోబర్ 15న మాచనూరులో వారి సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. కంటి ఎత్తులో, ఎదురెదురుగా కూర్చున్నట్లు తీసే షాట్‌ను ఆ మహిళలు సంఘం షాట్ అని పిలుచుకున్నారు, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే ఎత్తున నేలమీద కూర్చుంటారు. పైనుంచి కిందికి చూసే కెమెరా వారికి పటేల్ (ఊరి భూస్వామి) చూపును గుర్తుచేసింది. చదువుకున్న ఫొటోగ్రాఫర్లకు కోణం ఒక సౌందర్య విషయం, ఆ మహిళలకు అది అనుభవం. ఆచరణలో దీని అర్థం, కూర్చున్న మనిషిని తీయాలంటే మనమూ కూర్చోవాలి. కుర్చీ తెచ్చి వేసి, వారు నేలమీద కూర్చుంటే, ఆ కుర్చీని మర్యాదగా పక్కకు జరపాలి.

దూరం నుంచి 200 మి.మీ. లెన్స్‌తో తీసిన ముఖంలో ఊరు కరిగిపోతుంది, లెన్స్ ద్వారాన్ని బాగా తెరిచే f/1.4 దగ్గర వెనకాలంతా వెన్నలా మసకబారితే, ఆ మనిషి ఏ ఇంటి ముందు, ఏ వస్తువుల మధ్య బతుకుతున్నారో తెలియదు. చుట్టుపక్కలనూ చూపే 35 మి.మీ. లెన్స్, ద్వారాన్ని చిన్నది చేసే f/5.6 లేదా f/8 పెట్టుకుంటే మనం దగ్గరికి వెళ్లక తప్పదు, వెళితే మాట్లాడక తప్పదు. వెనకనున్న ప్లాస్టిక్ కుర్చీ, స్టీలు బిందె, చార్జింగ్‌లో ఉన్న ఫోన్, గోడకానించిన మోటార్‌సైకిల్, సెల్ టవర్ వీటిని ఫ్రేము నుంచి తప్పించడానికి చాలామంది చేసే విన్యాసాలు చూస్తే నవ్వొస్తుంది. తీసిన ఫొటో చూసి, ఇది ఏ దశాబ్దంలో తీసిందో చెప్పలేకపోతే, అందులోంచి కాలాన్ని ఎవరో తుడిచేశారన్నమాట.

మధ్యాహ్నపు ఎండలో, వెనక తెల్లటి ఆకాశం ఉన్నప్పుడు, వెలుగును కొలిచే కెమెరా మీటర్ ఆకాశాన్ని కాపాడి ముఖాన్ని నల్లటి నీడగా మారుస్తుంది. ఎక్స్‌పోజర్‌ను (ఫొటోలోకి తీసుకునే వెలుగును) ముఖానికి కొలవాలి, లేదంటే ప్లస్ 1 దాకా పెంచాలి. ఆకాశం పూర్తిగా తెల్లగా వచ్చినా నష్టం లేదు. ఇంటికొచ్చాక ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చర్మపు గీతలను ఎత్తిచూపే క్లారిటీ, టెక్స్చర్ స్లైడర్లు కుడివైపుకు లాగితే నలభై ఏళ్ల మనిషికి డెబ్బై ఏళ్లు వస్తాయి. ఎండలో పనిచేసిన చర్మాన్ని చెట్టు బెరడులా చేసే ఈ అలవాటు, చామనఛాయను తెల్లబరిచే అలవాటుకు తోబుట్టువే. నలుపు తెలుపు మీద నాకు ద్వేషం లేదు. కానీ అదే మనిషిని హైదరాబాద్‌లో ఐటీ పార్కు ముందు తీసి ఉంటే రంగుల్లో ఉంచేవారమా అని మనల్ని మనం ఒకసారి అడగాలి.

నెర్రెలు, తేమ మీటర్, రైతు కష్టం

రైతు సంక్షోభం ఫొటో అనగానే నెర్రెలు బారిన నేల, ఆకాశంకేసి చూసే రైతు. ఇక్కడ కొంచెం భూమి సంగతి తెలిసి ఉండాలి. నల్లరేగడి తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు కుంచించుకుని పగులుతుంది. ఇది ఆ నేల స్వభావం. నీళ్లు ఇంకిన చెరువు అడుగు మంచి వానల ఏడాదిలోనూ ఏప్రిల్, మే నెలల్లో పగులుతుంది. ఆ పగుళ్ల మీద రైతును నిలబెట్టి కరువు అని రాస్తే, ఊళ్లో ఏ పిల్లాడైనా నవ్వుతాడు. 1936లో అమెరికా ప్రభుత్వ సంస్థ తరఫున ఆర్థర్ రాత్‌స్టీన్ అనే ఫొటోగ్రాఫర్ సౌత్ డకోటాలో కరువు ఫొటోలు తీస్తూ, ఒక ఎద్దు పుర్రెను సుమారు పది అడుగులు జరిపి పగిలిన నేల మీదా, గడ్డి మీదా పెట్టి తీశాడు. అక్కడ కరువు నిజమే. కానీ పుర్రె జరిగిన సంగతి బయటపడగానే, అధ్యక్ష ఎన్నికల వేడిలో ఉన్న పత్రికలు మొత్తం కరువు ఫొటోలన్నీ బూటకమని దండెత్తాయి. నిజమైన కష్టానికి అలంకారం తొడిగితే దెబ్బతినేది ఆ కష్టమే.

తెలంగాణ పల్లెలో ఆందోళన ఎక్కడ కనిపిస్తుందో వెతికితే అది చాలాసార్లు ఎండిన చేలో కాకుండా, ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర ఉంటుంది. వడ్లలో తేమ 17 శాతం దాటకూడదు. కోత మిషన్ కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. వాటిని రోడ్డు పక్క టార్పాలిన్ మీద పరచి, కాళ్లతో తిరగేస్తూ రోజుల తరబడి ఆరబెడతారు. ఆకాశం నల్లబడితే ఇంటిల్లిపాదీ పరుగెత్తి కుప్పచేసి కప్పుతారు. చిన్న మీటర్ గిన్నెలో గుప్పెడు వడ్లు పోసి బిగించిన క్షణాన, అంకె కోసం వంగిన నలుగురి ముఖాలు చూడండి. ఆ ఫొటోలో పగుళ్లు లేవు, కన్నీళ్లు లేవు, కానీ అప్పు, మిల్లరు, లారీ, గన్నీ సంచులు, వాన అన్నీ ఉంటాయి. ఆ కుప్ప దగ్గర రాత్రి కాపలా పడుకున్నది భూమి యజమానా, కౌలు రైతా అన్నది కూడా అడిగి రాసుకోవాలి, ఎందుకంటే ఫొటోలో ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు, బ్యాంకు ఖాతాలో మాత్రం ఒకేలా కనిపించరు.

కష్టాన్ని ఒక శరీరం మీద మోపడం ఇంకో మూస. నల్గొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలో, తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌తో ఎముకలు వంగిపోయిన కొద్దిమందిని కెమెరాలు పదేపదే పట్టుకున్నాయి. ఆ ఫొటోలు నీటి సమస్యను రాష్ట్రం దృష్టికి తెచ్చాయన్నది కాదనలేం. అయితే అదే మనిషిని ప్రతి కొత్త ఫొటోగ్రాఫర్ చొక్కా తీసి కూర్చోమంటే, అవగాహన పెరిగేదేమీ ఉండదు. అక్కడ ఇప్పుడు తీయవలసినవి వేరే ఉన్నాయి: బోరు, ఫ్లోరైడ్ రాళ్ల భూగర్భం, మిషన్ భగీరథ నల్లా, అది రాని రోజున ఆ ఇంటివారు ఏ నీళ్లు తాగుతున్నారన్నది, వంగిన శరీరంతోనే దుకాణం నడుపుతున్న మనిషి లెక్కల పుస్తకం.

2018లో మరో రకం ఉదంతం జరిగింది. ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ పల్లెల్లో పేదలను బల్ల ముందు నిలబెట్టి, ఉత్తుత్తి వంటకాలు పరచి, కళ్లు మూసుకోమని చెప్పి ఒక ఇటలీ ఫొటోగ్రాఫర్ అంతకు ఏళ్ల ముందు తీసిన చిత్రాలు పత్రికా ఫొటోలకు అంతర్జాతీయ పోటీ నిర్వహించే వరల్డ్ ప్రెస్ ఫొటో సంస్థ ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలో కనిపించగానే పెద్ద దుమారం రేగింది. ఆకలిగొన్నవారి ఎదుట బొమ్మ భోజనం పెట్టడంలోని క్రూరత్వం తీసినవారికి తట్టలేదన్నది ఒక సంగతైతే, నిలబడినవారిలో ఒక్కరి పేరూ ఎవరికీ గుర్తుండకపోవడం మరో సంగతి.

పేరు, క్యాప్షన్, ఎంపిక

1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర అమెరికా ఫొటోగ్రాఫర్ డొరోతియా లాంగ్ తీసిన వలసకూలీ తల్లీపిల్లల ఫొటో ప్రపంచమంతా తెలుసు. ఆ తల్లి పేరును లాంగ్ అడగలేదు. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అన్న ఆ పేరు 1978లో గాని లోకానికి తెలియలేదు. తిండికోసం కారు టైర్లు అమ్ముకున్నారని ఫొటోతోపాటు ప్రచారమైన కథను ఆ కుటుంబం తోసిపుచ్చింది. ఆమె చెరొకీ తెగకు చెందినదన్న విషయం కూడా ఆ ఫొటో చూసినవారికి నలభై ఏళ్లపాటు తెలియదు. ఇంత గొప్ప ఫొటోకే ఇలా జరిగితే మనవాటి సంగతి చెప్పనక్కర్లేదు.

అందుకే క్యాప్షన్ అక్కడే, ఆ మనిషి ఎదుటే రాయాలి. "తెలంగాణ పల్లెలో బతుకుపోరు" అని రాస్తే ఏమీ చెప్పనట్లు. దానికి బదులు, వారు ఒప్పుకుంటే పేరు, ఊరు, మండలం, నెల, ఏడాది రాసి, తరువాత ఏం జరుగుతోందో రాయాలి. "వేరొకరు కౌలుకు తీసుకున్న మూడెకరాల్లో మూడోసారి పత్తి ఏరుతున్నారు; కూలి కిలోల లెక్కన; సాయంత్రం ఇంటర్ చదివే కూతురిని బస్టాప్ నుంచి తీసుకురావాలి." రాసినది వారికి చదివి వినిపించాలి. "కూలి అని రాయకు, నేను సంఘం లీడర్‌ను" అని వారు సరిదిద్దితే, అలాగే మార్చాలి. క్యాప్షన్‌లో విశేషణం ఎక్కడ వచ్చినా అనుమానించాలి. అమాయక, నిరుపేద, స్వచ్ఛమైన, చిరునవ్వు చెదరని వంటి మాటలు ఫొటో చెప్పలేనిదాన్ని మనం నింపుకునే మాటలు.

ఎంపిక చేసేటప్పుడు ఒంటరిగా కూర్చోకూడదు. చిన్న ప్రింట్లు తీసి బల్లమీద పరచి చూస్తే, ఎన్నింటిలో మనుషులు పనిలో ఉన్నారు, ఎన్నింటిలో ఊరకే చూస్తున్నారు, యువకులు ఎందరు, ఆడవారు నిర్ణయాలు తీసుకుంటున్న ఫొటో ఒక్కటైనా ఉందా అన్నది వెంటనే బయటపడుతుంది. ఆ ఊరికి చెందిన కాలేజీ విద్యార్థి ఒకరు హైదరాబాద్ హాస్టల్‌లో తప్పకుండా ఉంటారు. వారిని పిలిచి చూపించి, ఏవి తీసేయమంటారో అడగండి. వారు తీసేయమన్న ప్రతిదాన్నీ తీసేయనక్కర్లేదు, కానీ కారణం మాత్రం వినాలి. ఒక్కోసారి వారు సిగ్గుపడేది నిజమైన సమస్యను చూసే కావచ్చు, ఆ చర్చ ఫొటో కంటే విలువైనది.

పల్లెవాసులే తమను తాము చూపించుకుంటున్న కాలమిది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి వచ్చే యూట్యూబ్ వీడియోలను లక్షలమంది చూస్తున్నారు. తండాల యువతీయువకుల రీల్స్‌లో అద్దాల రవికె పండుగ పూట వేసుకునే వేషం, మిగిలిన రోజుల్లో జీన్సు, చుడీదార్. ఈ పరిస్థితుల్లో హైదరాబాద్ నుంచి వెళ్లే మనం వారికి గొంతునిస్తున్నామని చెప్పుకుంటే నవ్వులపాలవుతాం. మనం చేయగలిగినది ఓపికగా, వివరంగా, ఆధారాలతో నమోదు చేయడం. ఆ పని రీల్ చేయదు.

తిరిగి ఇవ్వడం

తీసిన ఫొటోల్లో ప్రతి మనిషికీ కనీసం ఒక ప్రింటు చేరాలి. కోఠి గుజరాతీ గల్లీ చుట్టుపక్కల ల్యాబుల్లో 4×6 ప్రింట్లు పెద్ద ఖర్చేమీ కాదు. మనకు నచ్చిన నాటకీయమైన ఫొటోతోపాటు, వారు కోరుకున్న నిటారు ఫొటో కూడా ఒకటి తీసి ఇవ్వాలి. పెద్దవాళ్లు అడిగితే దాన్ని కాస్త పెద్దసైజులో వేయించడం మంచిది. చాలా ఇళ్లలో రేపు దండవేసి గోడకు పెట్టేది ఆ ఫొటోనే అవుతుంది.

మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ప్రదర్శన పెట్టాలనుకునేవారు, దానికంటే ముందు అదే వరుసను ఫ్లెక్సీ మీద ముద్రించి ఊరి బడిలోనో, పంచాయతీ ఆవరణలోనో రెండు రోజులు ఉంచాలి. అక్కడ వచ్చే అభ్యంతరాలు గ్యాలరీ విమర్శకుడి మాటకంటే పదునుగా ఉంటాయి. "మా వాడ ఒక్కటే తీసినవు, పటేల్ ఇల్లెందుకు తియ్యలే?" అని అడిగితే, జవాబు మన దగ్గర ఉండాలి.

ఒప్పుకున్నవారు తరువాత మనసు మార్చుకోవచ్చు. పెళ్లి కుదిరిందనో, కొడుకు వద్దన్నాడనో, తీసేయమని ఫోన్ రావచ్చు. ముందే మన నంబర్ ప్రింటు వెనక రాసి ఇచ్చి ఉంటేనే ఆ ఫోన్ వస్తుంది. అప్పుడు వాదించకుండా మన పేజీల నుంచి తొలగించాలి. పోటీకో, పత్రికకో పంపి ఉంటే వారికి రాసి వెనక్కి తీసుకోవాలి. ముద్రణ అయిపోయి ఉంటే ఆ సంగతి దాచకుండా చెప్పి, తరువాతి ముద్రణలో ఉండదని మాట ఇవ్వాలి. ఒరిజినల్ ఫైల్ ఉంచుకోవాలా, చెరిపేయాలా అన్నది కూడా వారినే అడిగి, వారు చెప్పినట్లు చేయాలి.